అబద్ధం ఖరీదు 32 ఏళ్లు

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళల 800 మీటర్ల తుదిపోరులో తొమ్మిదిమంది పరుగెత్తారు. తొమ్మిదిమందీ గమ్యం చేరారు. జర్మనీ క్రీడాకారిణి లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పితే, జపాన్ అమ్మాయి కినుయె హితోమి రజతం అందుకుంది. పత్రికల్లో వచ్చింది మాత్రం వేరు. పదకొండుమంది అభాగినులు పరుగెత్తారనీ, ఐదుగురు మధ్యలోనే మానుకున్నారనీ, మరో ఐదుగురు గీత దాటగానే కుప్పకూలారనీ ఒక అమెరికా విలేఖరి కథ అల్లాడు. బరిలో ఎందరున్నారో కూడా సరిగా లెక్కపెట్టని రాత అది! పరుగు ముగిశాక రొప్పుతూ నేలకు ఒరగడం మగవారికీ మామూలే. వారు ఒరిగితే వీరోచితం, వీరు ఒరిగితే అశక్తత. ఇలాంటి కథనాలు సాకుగా దొరికాయి, 800 మీటర్లు రద్దయ్యాయి. 1960 రోమ్ వరకు ఒలింపిక్స్‌లో మహిళలకు 200 మీటర్లకు మించిన పరుగే లేదు. ఆ పాపంలో పత్రికలకూ వాటా ఉంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మహిళలకు దక్కిన ఐదు అథ్లెటిక్స్ అంశాలైనా దయతో దక్కినవి కావు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఫ్రాన్స్‌కు చెందిన ఆలిస్ మిలియా 1919లో అడిగినా ఒలింపిక్ కమిటీ పెట్టలేదు. మహిళల ఒలింపిక్స్ అనాకర్షణీయం, అనుచితం అని 1912లోనే తేల్చేసిన కమిటీ అధ్యక్షుడు కూబెర్తాఁ ఏలుబడి అది. పడవ పోటీల్లో రాటుదేలిన మిలియా మళ్లీ అర్జీ పట్టుకుని తిరుగుతూ కూర్చోలేదు. 1921లో మహిళల అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించి, మరుసటి ఏడాది ఆగస్టులో పారిస్‌లో సొంతంగా మహిళా ఒలింపిక్స్ జరిపించారు. ఐదు దేశాలు, ఒక్క రోజు, సుమారు 20 వేలమంది ప్రేక్షకులు. ‘ఒలింపిక్’ పేరు పక్కవాళ్లు వాడుకోవడంతో పెద్దలకు కాక పుట్టింది. ఆ పేరు వదులుకుంటే అథ్లెటిక్స్‌లో చోటిస్తామన్నారు. తీరా ఇచ్చినవి ఐదే. అవమానంగా భావించిన బ్రిటన్ మహిళా అథ్లెట్లు ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లనే లేదు. వారిది మొండితనమని మేము అనుకోవడం లేదు.

ఈ ఆలస్యం మన గడప కూడా తొక్కింది. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 1994, 1995లలో వెయిట్ లిఫ్టింగ్ ప్రపంచ విజేత. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆమె బరువెత్తలేదు. మహిళలకు ఆ పోటీయే లేదు. 2000 సిడ్నీలో తలుపు తెరుచుకోగానే 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. అప్పటికి ఆమె తన అత్యుత్తమ దశ దాటేశారు.

అదే తంతు ఇప్పటికీ నడుస్తోంది. 2026 శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ జంప్‌నూ మంచుపై స్కీ పరుగునూ కలిపిన నార్డిక్ కంబైన్డ్ పోటీ పురుషులకే పరిమితమైంది. పోటీపడే దేశాలు తక్కువట, చూసేవారు తక్కువట. వేదికే ఇవ్వకుండా ప్రేక్షకులను చూపించమంటే ఎలా? 2030 క్రీడల్లోనైనా ఒలింపిక్ కమిటీ మహిళలకు ఆ పోటీ పెట్టాలి.