కిరాయి సరే, మిగిలేదెంత?

యాప్ ఆధారిత ట్యాక్సీ సేవలో డ్రైవరుగా చేరితే గిట్టుబాటు అవుతుందా అని అడిగితే పరస్పరం పొసగని జవాబులు వస్తాయి. వారం తిరిగేసరికి ఖాతాలో జమైన మొత్తాన్ని చూపి బాగానే ఉందనేవారు కొందరు. రెండు మూడేళ్లు నడిపాక అరిగిపోయిన కారు, తీరని అప్పు తప్ప ఏమీ మిగలలేదనేవారు మరికొందరు. వీరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఒకరు వచ్చిన డబ్బును లెక్కపెడుతున్నారు, మరొకరు పోయినదాన్ని లెక్కపెడుతున్నారు. మా అభిప్రాయం ముందే చెబుతాం. సొంత అవసరాలకు ఎలాగూ కొనుక్కున్న, అప్పు తీరిపోయిన వాహనాన్ని రద్దీ వేళల్లో మాత్రమే నడిపేవారికి ఇది అక్కరకొచ్చే ఆదాయం. ఈ పని కోసమే అప్పుచేసి కొత్త వాహనం కొని, దానిమీదే ఇల్లు గడుపుకోవాలనుకునేవారికి మాత్రం ఎక్కువ సందర్భాల్లో ఇది నష్టపు బేరం.

చిక్కు ప్రచారంలో వినిపించే అంకెతోనే మొదలవుతుంది. న్యూయార్క్‌లో తమ డ్రైవర్ల మధ్యస్థ వార్షికాదాయం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే మొత్తం) 90,000 డాలర్లకు పైనేనని, శాన్‌ఫ్రాన్సిస్కోలో 74,000 డాలర్లు దాటిందని ఉబర్ ఒకప్పుడు చెప్పుకుంది. వినియోగదారులను మోసపు ప్రకటనల నుంచి కాపాడే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరా తీస్తే అవి 61,000, 53,000 డాలర్ల దగ్గర ఆగాయి. వాహన రుణాల సంగతీ అంతే. వారానికి 140 డాలర్లు కడితే చాలు కారు సొంతమవుతుందనీ, 119 డాలర్లకే లీజుకు దొరుకుతుందనీ చెప్పిన ప్రకటనలను నమ్మి చేరినవారిలో కొనుగోలుదారుల మధ్యస్థ వాయిదా 160 డాలర్లు, లీజుదారులది 200 డాలర్లు దాటిందని కమిషన్ ఆరోపించింది. 2017 జనవరిలో ఉబర్ 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొని వ్యవహారం ముగించుకుంది. ఆదాయాన్ని పెంచి చెప్పడం, అప్పును తగ్గించి చెప్పడం ఒకే ప్రచారంలో ఉండటం మాకు యాదృచ్ఛికంగా కనిపించదు. అప్పు తీసుకున్నవాడు వాయిదా కట్టడం కోసమైనా రోజూ బండి తీస్తాడు, ఏ కిరాయికైనా ఒప్పుకుంటాడు.

అసలు మిగులు ఎంతో తేల్చడం పండితులకే కష్టమైంది. 2018లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉబర్, దాని పోటీ సంస్థ లిఫ్ట్ డ్రైవర్ల మధ్యస్థ లాభం పన్నులకు ముందు గంటకు 3.37 డాలర్లేనని తేల్చి సంచలనం రేపారు. సర్వేలో అడిగిన ప్రశ్నను డ్రైవర్లు అర్థం చేసుకున్న తీరు వేరని ఉబర్ ముఖ్య ఆర్థికవేత్త అభ్యంతరం చెప్పాక, లెక్కను సరిచేసి 8.55 లేదా 10 డాలర్లు కావచ్చన్నారు. అదే ఏడాది ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థ ఉబర్ డ్రైవర్ల గురించి మరో లెక్క కట్టింది. ప్రయాణికులు గంటకు చెల్లించే 24.77 డాలర్లలో కంపెనీ కోతలు, వాహన ఖర్చులు పోగా డ్రైవరుకు మిగిలేది 11.77 డాలర్లు, ఉద్యోగికైతే యజమాని భరించే పన్నులు, కనీస సదుపాయాల విలువను కూడా తీసేస్తే 9.21 డాలర్లు. అంకెలు అమెరికావే అయినా, ప్రయాణికుడు ఇచ్చినదానిలో సగానికి పైగా డ్రైవరు జేబుకు చేరకముందే ఆవిరవుతుందన్న సంగతిని ఏ ఊరి డ్రైవరైనా ముందు పెట్టుకుని తన లెక్క మొదలుపెట్టాలి.

ఖర్చుల్లో ఇంధనం కళ్లెదుట కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ మరచిపోరు. టైర్లు, బ్రేకులు, సర్వీసింగ్ అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాయి. ఎవరికీ కనిపించకుండా పోయేది తరుగుదల. ఇంటి అవసరాలకు వాడే కారు ఏళ్ల తరబడి తిరిగే దూరాన్ని పూర్తికాలం నడిచే ట్యాక్సీ ఏడాది రెండేళ్లలోనే తిరిగేస్తుంది, ఆ మేరకు దాని అమ్మకపు విలువ కరిగిపోతుంది. అమెరికా పన్నుల శాఖ 2025లో వ్యాపారానికి సొంత కారు వాడినవారు మైలుకు 70 సెంట్లు ఖర్చు కింద చూపుకోవచ్చంది, అందులో 33 సెంట్లు తరుగుదల వాటా. అంటే వాహనానికయ్యే ఖర్చులో దాదాపు సగం ఏ బిల్లులోనూ కనిపించదు. ఆ సగాన్ని పక్కన పెట్టకుండా సాయంత్రం చేతిలో ఉన్నదంతా సంపాదన అనుకోవడం, విత్తనానికి దాచిన గింజలు దంచుకు తింటూ ఈ ఏడు కరవు లేదనుకోవడం లాంటిది. కారు మార్చాల్సిన రోజు వచ్చేదాకా ఈ నష్టం బయటపడదు. మొదటి ఏడాది సంతోషంగా ఉన్న డ్రైవరు మూడో ఏట కుంగిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

రెండో గండం ఖాళీగా తిరిగే దూరం. కరెన్సీ ఏదైనా కానివ్వండి, వాహనానికి అన్నీ కలిపి కిలోమీటరుకు 10 ఖర్చవుతుందనీ, ప్రయాణికుడు ఎక్కాక కిలోమీటరుకు డ్రైవరు చేతికి 18 వస్తుందనీ అనుకుందాం. పైపైన చూస్తే కిలోమీటరుకు 8 మిగులు. అయితే రోజులో తిరిగిన ప్రతి 100 కిలోమీటర్లలో 40 ఖాళీగా తిరిగితే, రాబడి 60 కిలోమీటర్లకే వస్తుంది, ఖర్చు మాత్రం మొత్తం 100కూ అవుతుంది. అంటే 1,080 వచ్చి, 1,000 పోయి, మిగిలేది 80. ఆ 100 కిలోమీటర్లకు ఐదు గంటలు పట్టిందంటే గంటకు 16. ఇదే డ్రైవరు ఖాళీ దూరాన్ని 40 నుంచి 30కి తగ్గించగలిగితే మిగులు 80 నుంచి 260కి పెరుగుతుంది. కిరాయి పైసా పెరగకుండానే మిగులు మూడు రెట్లు దాటిందన్నమాట. ఈ వృత్తిలో లాభనష్టాలను తేల్చేది కిలోమీటరు రేటు కంటే ఎక్కువగా ఈ ఖాళీ దూరమే. న్యూయార్క్ నగర ట్యాక్సీ కమిషన్ 2018 డిసెంబరులో కనీస చెల్లింపు నిబంధన తెచ్చినప్పుడు, యాప్ తెరిచి ఉన్న సమయంలో ప్రయాణికులతో గడిచేది 58 శాతమేనన్న లెక్కను సూత్రంలోనే చేర్చింది. అంత రద్దీ నగరంలోనే నూటికి 42 నిమిషాలు రాబడి లేనివైతే, ప్రయాణికులు పలచగా ఉండే చోట్ల సంగతి చెప్పనక్కర్లేదు.

దూరప్రాంతానికి పిలిస్తే డ్రైవర్లు రావడం లేదనీ, ఒప్పుకున్నాక ట్రిప్పు రద్దు చేస్తున్నారనీ ప్రయాణికులు విసుక్కోవడంలో న్యాయముంది. అయినా పై లెక్క తెలిశాక డ్రైవరును పొగరుబోతు అనలేం. తిరుగు ప్రయాణంలో మనిషి దొరకని చోటికి వెళ్లడమంటే అతనికి చేతి డబ్బు పెట్టుకుని వెళ్లడమే. ఏ ట్రిప్పు ఒప్పుకోవాలి, ఏది వదిలెయ్యాలి, ఏ వేళ ఎక్కడ ఉండాలి అన్నది నేర్చుకున్నవారికే కాస్త మిగులుతుంది. అమెరికాలో పది లక్షల మందికి పైగా ఉబర్ డ్రైవర్ల రికార్డులను పరిశీలించిన ఆర్థికవేత్తలు, 2,500 ట్రిప్పులు దాటినవారు 100 ట్రిప్పులలోపు వారికన్నా గంటకు 14 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని గమనించారు. అనుభవానికి విలువ ఉందని సంతోషించాల్సిందే కానీ, ఆ అనుభవం సంపాదించేలోపు కారు ఎంత అరుగుతుందో కూడా లెక్కలో ఉండాలి.

కిరాయిలు పెంచితే సమస్య తీరుతుందని డ్రైవర్ల సంఘాలు తరచూ కోరుతుంటాయి. కోరిక సహజమే, ఫలితం మాత్రం ఆశించినంత నిలకడగా ఉండదు. ఉబర్‌కు చెందిన ఆర్థికవేత్తలే భాగస్వాములైన ఒక అధ్యయనం ప్రకారం, మూల కిరాయి పెంచిన వెంటనే గంట సంపాదన పెరిగి, కొద్ది వారాల్లో మళ్లీ పాత స్థాయికి దగ్గరపడుతుంది. రేటు పెరిగిందని ఉన్నవారు ఎక్కువ గంటలు నడుపుతారు, కొత్తవారు వచ్చి చేరతారు, ఒక్కొక్కరికీ దొరికే ట్రిప్పులు తగ్గి ఖాళీ సమయం పెరుగుతుంది. ఎవరైనా, ఎప్పుడైనా చేరగలిగే పనిలో లాభం ఎక్కువకాలం నిలవదు. ఇందులో కంపెనీకి పోయేదేమీ లేదు. రోడ్డు మీద ఖాళీ కార్లు ఎన్ని ఎక్కువగా ఉంటే ప్రయాణికుడికి అంత త్వరగా బండి దొరుకుతుంది, ఆ ఖాళీ కార్ల ఖర్చు కంపెనీ ఖాతాలో పడదు. తొలినాళ్లలో చేరినవారు బాగా సంపాదించిన మాట నిజమే, అది ఎక్కువగా మదుపరుల సొమ్ముతో పంచిన ప్రోత్సాహకాల పుణ్యం. 2019 మేలో షేరు మార్కెట్లోకి వచ్చిన ఉబర్ తొలిసారి వార్షిక నిర్వహణ లాభం చూసింది 2023లో. అంతకాలం నష్టాలను భరించిన పెట్టుబడి ఇప్పుడు ప్రతిఫలం అడుగుతోంది. ఆ ప్రతిఫలం రావలసింది ప్రయాణికుడి జేబులోంచో, డ్రైవరు వాటాలోంచో మాత్రమే. పదేళ్ల కిందటి మిత్రుడి అనుభవాన్ని చూసి నేడు అప్పు చేయడం అందుకే ప్రమాదకరం.

డ్రైవరు ఎదురుచూసే సమయం పని కిందికి వస్తుందా, రాదా అన్న వివాదం న్యాయస్థానాల దాకా వెళ్లింది. యాప్ తెరిచి, అనుమతి ఉన్న ప్రాంతంలో ట్రిప్పుకు సిద్ధంగా ఉన్న క్షణం నుంచీ పని సమయమేనని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ కేసులో తీర్పు చెప్పింది. తీర్పు వచ్చాక కూడా కంపెనీ కనీస వేతన హామీని ట్రిప్పు ఒప్పుకున్నప్పటి నుంచే లెక్కించింది. కాలిఫోర్నియాలో 2020 నవంబరులో ఓటర్లు ఆమోదించిన 22వ ప్రతిపాదన అనే యాప్ డ్రైవర్ల చట్టం కనీస వేతనంలో 120 శాతం హామీ ఇస్తుంది, అదీ ట్రిప్పులో ఉన్న సమయానికే. వాహన ఖర్చు కింద అది నిర్ణయించిన మొత్తం మైలుకు 30 సెంట్లు; ఆ ఏడాది పన్నుల శాఖ అనుమతించిన ఖర్చు 57.5 సెంట్లు. హామీ పత్రంలో శాతం ఎంత పెద్దదిగా ఉన్నా, ఏ గంటలకు వర్తిస్తుందో చూడకుండా మురిసిపోవడానికి లేదు. ఎదురుచూసే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న న్యూయార్క్‌లో మరో వింత జరిగింది. డ్రైవర్లు ఖాళీగా ఉండే సమయం పెరిగితే అక్కడి సూత్రం ప్రకారం చెల్లించాల్సిందీ పెరుగుతుంది కాబట్టి, 2024లో కంపెనీలు గిరాకీ లేని వేళల్లో డ్రైవర్లను యాప్‌లోంచి బయటకు నెట్టేయడం మొదలుపెట్టాయి. డ్రైవర్లకు ఇది పొట్టకొట్టడమే అయినా, అవసరానికి మించి కార్లు చేర్చుకున్నామన్న నిజాన్ని కంపెనీల చేతే ఒప్పించిన నిబంధన అదొక్కటే.

కమీషన్ గురించి వినిపించేంత గొడవ మిగతా ఖర్చుల గురించి వినిపించదు కాబట్టి, దానిపై మేము క్లుప్తంగానే చెబుతాం. 2025 జూలైలో భారత ప్రభుత్వం వెలువరించిన మార్గదర్శకాలు సొంత వాహనమున్న డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలన్నాయి. కమీషన్ వదిలేసి రోజుకో, వారానికో ఇంతని రుసుము తీసుకునే పద్ధతీ వ్యాపిస్తోంది. రోజంతా నడిపేవారికి స్థిర రుసుము లాభం, రెండు మూడు గంటలు నడిపేవారికి కమీషనే నయం. స్థిర రుసుము పద్ధతిలో గిరాకీ లేని రోజు నష్టం మొత్తం డ్రైవరుదే అవుతుందన్నది మాత్రం మరచిపోకూడదు. అనారోగ్యం, ప్రమాదం, ఖాతా నిలిపివేత వంటివి ఎదురైన రోజుల్లో రుణదాత ఆగడు. వ్యక్తిగత వాడకానికి తీసుకున్న బీమా కిరాయి ప్రయాణంలో జరిగిన ప్రమాదానికి సాధారణంగా వర్తించదు. ఈ ఒక్క పొరపాటు ఏళ్ల సంపాదనను ఊడ్చేయగలదు.

కాబట్టి చేరాలనుకునేవారు ముందుగా వేసుకోవలసిన లెక్క ఒకటుంది. ఒక నెలలో ఇల్లు వదిలింది మొదలు తిరిగి చేరేదాకా గడిచిన గంటలన్నీ, మీటరు చూపిన కిలోమీటర్లన్నీ రాసుకుని, వచ్చిన మొత్తంలోంచి కిలోమీటరుకు తరుగుదలతో సహా అయ్యే ఖర్చును తీసేసి, మిగిలినదాన్ని గంటలతో భాగించాలి. వచ్చిన అంకె తమ నైపుణ్యానికి మరోచోట దొరికే జీతం కన్నా తక్కువైతే, స్వేచ్ఛగా పనివేళలు ఎంచుకునే వెసులుబాటుకు తాము ఎంత మూల్యం చెల్లిస్తున్నారో తెలుస్తుంది. చిన్నపిల్లల తల్లికి, చదువుకుంటున్న యువకుడికి, ఉద్యోగం పోయి రెండు నెలలు గట్టెక్కాలనుకునేవారికి ఆ మూల్యం సబబే కావచ్చు. వారిని వద్దనడానికి మేమెవరం? అయిదేళ్ల వాయిదాలకు సంతకం పెట్టబోయేవారికే మా హెచ్చరిక. కిరాయి సూత్రాన్ని, ప్రోత్సాహకాన్ని కంపెనీ రాత్రికి రాత్రి మార్చగలదు. కొన్ని నగరాల్లో డ్రైవరు లేని కార్లు ఇప్పటికే ప్రయాణికులను ఎక్కించుకుంటున్నాయి. మారనిది వాయిదా ఒక్కటే.

ఈ లెక్క వేయడం డ్రైవరుకు కష్టం, కంపెనీకి సులువు. ప్రతి వాహనం ఏ నిమిషంలో ఎక్కడుందో, ఎంత దూరం ఖాళీగా తిరిగిందో, ప్రయాణికుడు ఎంత చెల్లించాడో, అందులో డ్రైవరుకు ఎంత పోయిందో కంపెనీ సర్వర్లలో ఉంది. ప్రతి వారం డ్రైవరుకు పంపే చీటీలో ఈ నాలుగు అంకెలూ తప్పనిసరిగా ఉండాలని ప్రభుత్వాలు ఆదేశించాలి. నియామక ప్రకటనల్లో సంపాదన గురించి చెప్పదలిస్తే, ఖర్చులు పోగా యాప్ తెరిచి ఉన్న మొత్తం గంటలకు వచ్చే మధ్యస్థ అంకెనే చెప్పాలి. కంపెనీలతో ఒప్పందం చేసుకుని వాహన రుణాలిచ్చే సంస్థలు అదే అంకె ఆధారంగా అర్హత నిర్ణయించాలి; డ్రైవరు ఖాతాను కంపెనీ నిలిపివేసిన కాలానికి వాయిదాలను కూడా నిలిపివేసే షరతును రుణపత్రంలో చేర్చాలి.