ఐదుగురి ప్రార్థన, ఒకే బంతి భోజనం

విశ్వాసం రగిలించడానికి చర్చిలు పెట్టే ఉజ్జీవ సభలంటే షామియానాలు, ఊరి పొడవునా ఫ్లెక్సీలు, అర్ధరాత్రి దాకా మోగే సౌండ్ బాక్సులు. ఆ మూడు రాత్రులు కన్నీళ్లు వస్తాయి, తీర్మానాలు జరుగుతాయి. నాలుగో రోజు పొద్దున లేస్తే తీరని అప్పు, మాట్లాడని తోడికోడలు, కట్టాల్సిన కాలేజీ ఫీజు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ నాలుగో రోజు విశ్వాసిని నిలబెట్టేది పక్కన కూర్చునే నలుగురే అని నా నమ్మకం. తెలుగు క్రైస్తవుల సొంత చరిత్రే దానికి సాక్ష్యం.

1836లో మొదలైన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. అన్నేళ్ల పనికి దక్కిన విశ్వాసులు మరీ కొద్దిమంది. మరుసటి ఏడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలు కొండెక్కి ఐదుగురు ప్రార్థన చేశారు. మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, నేర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు మనవాళ్లే అన్న సంగతి ప్రసంగాల్లో తక్కువగా వినిపిస్తుంది.

కొండ దిగాక అద్భుతమేమీ జరగలేదు. ఒంగోలులో మరో మిషనరీ జాన్ క్లౌ కాపురం పెట్టేసరికి 1866 వచ్చింది. మధ్యలో 1862లో ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లిన జూయెట్‌కు మళ్లీ ‘మూసేద్దాం’ అన్న మాటే ఎదురైంది. తానొక్కడినైనా తిరిగి వెళ్తానని ఆయన భీష్మించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన లెక్క అందరికీ కంఠస్థమే. దాని వెనకున్న కరువు, కరువు పనులు సాగుతుండగా క్లౌ బాప్తిస్మాలు నిలిపేసిన సంగతి మరో చర్చ. నన్ను ఆలోచనలో పడేసేది ఆ లెక్కకు ముందున్న ఇరవై నాలుగేళ్లు. కంటికి ఫలితం కనపడని కాలంలో జూయెట్‌ను పట్టి నిలిపినవాటిలో ఆ ఐదుగురి తెల్లవారుజాము కూడా ఒకటని అనుకుంటాను.

బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ కూడా ఇంతే. కర్మెలు కొండ మీద అంత పెద్ద సభ గెలిచినవాడు, ఒక రాణి బెదిరింపుకే అడవికి పారిపోయి చెట్టు కింద చావు కోరుకున్నాడు. దేవదూత మొదట రొట్టె, నీళ్లు ఇచ్చి, పడుకోనిచ్చి, మళ్లీ తినమన్నాడు. ఆ తర్వాత ‘నేనొక్కడినే మిగిలాను’ అన్నవాడికి ఏడు వేలమంది ఉన్నారని దేవుడే చెప్పాడు, ఎలీషాను తోడిచ్చాడు. కుంగిపోయినవాళ్లకు వెంటనే వాక్యం వినిపించాలని తొందరపడే పెద్దలు ఈ వరుసను ఒకసారి చూడాలి.

ముందు తిండి అన్న ఆ వరుసను బాగా పట్టుకున్నవాడు బక్త్ సింగ్. పంజాబ్ సిక్కు కుటుంబంలో పుట్టి, 1941లో మద్రాసులో స్వతంత్ర సంఘం మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదులోని హెబ్రోను అనే ప్రార్థనాస్థలాన్ని కేంద్రం చేసుకున్నాడు. ఆ కూటాల్లో ప్రసంగంతో పాటు ప్రేమవిందుకూ పేరుంది. చదువుకున్నవాళ్లూ కూలీలూ చాపల మీద ఒకే బంతిలో కూర్చుని అదే అన్నం, అదే కూర తినేవారు. పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకునే అలవాటున్న మన సమాజంలో ఇదేమంత చిన్న విషయం కాదు.

అయితే సహవాసం గురించి తియ్యగా మాట్లాడి వదిలేయడం అబద్ధమవుతుంది. మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి ఉన్న ఊళ్లు మనకు కొత్త కాదు. పెళ్లి సంబంధాల ప్రకటనలో ‘రక్షణ పొందిన వధువు’ పక్కనే కులం పేరు కూడా ఉంటుంది. ప్రభురాత్రి భోజనానికి వచ్చినవాళ్లలో ఒకరు ఆకలితో, మరొకరు మత్తులో ఉన్నారని కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో పౌలు మందలించాడు. అదే ఉత్తరం ఇవాళ మన చిరునామాకు వచ్చినా చేరాల్సిన చోటికే చేరుతుంది.

ఇళ్లలో జరిగే ప్రార్థనలకు, అంటే గృహ కూడికలకూ జబ్బులున్నాయి. ‘ఫలానా అక్క కోసం ప్రార్థన చేయండి’ అన్న విన్నపం, కాఫీ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు ఫలానా అక్క ఇంటి గుట్టుగా మారడం తెలియనివారెవరు! అందుకే చాలామంది నోరు విప్పరు. ఎవరి పేరూ తెలియని యూట్యూబ్ ప్రసంగం వాళ్లకు సుఖంగా ఉంటుంది. వినడం తప్పు కాదు. కానీ మీరు రెండు వారాలు కనపడకపోతే యూట్యూబ్ మీ ఇంటికి వచ్చి తలుపు తట్టదు.

కువైట్‌లో కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన ఇంటిపని ఆడవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. అక్కడ ఆరాధన శుక్రవారం సెలవులో జరుగుతుంది. యజమాని పంపితే ఆ కాసేపే తెలుగు మాట, తెలుగు పాట, ‘ఏం వదినా, చిక్కిపోయావేం?’ అని అడిగే మనిషి. ఆరు రోజుల చాకిరీకి అదే ఊపిరి.

కాబట్టి సంఘపెద్దలకు ఒక చిన్న సూచన. వచ్చే నెల గృహ కూడికల జాబితా రాసేటప్పుడు పెద్ద హాలున్న ఇళ్లతోనే సరిపెట్టకండి. ఒంటిగది అద్దె ఇళ్లు, భర్త పోయాక ఎవరూ గడప తొక్కని ఇళ్లు ముందు రాయండి. అందరూ పట్టకపోతే వాకిట్లో కూర్చుంటారు. టీ ఖర్చు సంఘం పెట్టుకోవాలి. లేదంటే ఆ ఇంటావిడ మొహమాటానికి అప్పు చేస్తుంది.