కారుచౌక కారు లెక్క

"ఇన్నోవా డబ్బులతో రాజాలాగా తిరగండి" అని మొదలయ్యే మెసేజ్ ఒకటి బెంగళూరు తెలుగువాళ్ళ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. మారతహళ్ళి అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, అనంతపురం చుట్టాల గ్రూపులో వచ్చింది. చివరికి మా బావమరిది కూడా పంపాడు, కింద "బావా, ఢిల్లీ పోదామా?" అని తగిలించి. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఢిల్లీలో డీజిల్ కార్లకు పదేళ్ళే ఆయుష్షు కాబట్టి 75 లక్షల జర్మన్ ఎస్‌యూవీ ఎనిమిదేళ్ళకే 17 లక్షలకు దొరుకుతుంది. బెంగళూరులో బయటి నెంబరుతో తిప్పితే ఎవరూ అడగరు. షోరూముకు పోకుండా బయట చేయిస్తే మెయింటెనెన్స్ మామూలు కారుకు అయినంతే. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ ఉండనే ఉంది. ఇంజన్ మూడు లక్షల కిలోమీటర్లు చెక్కుచెదరదు.

సరిగ్గా ఇలాంటి బండినే, సరిగ్గా ఆ ధరకే, నేను మూడేళ్ళ కిందట ఢిల్లీ నుంచి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నాతోనే ఉంది. కంపెనీ పేరు చెప్పను, ఆ గొడవ నాకెందుకు. మెసేజ్‌లో ప్రతి మాటకూ నా ఫైల్లో ఒక బిల్లు ఉంది, అంతే.

ముందు ఢిల్లీ మాట. పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్లు ఆ ప్రాంతంలో తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన మాట నిజం. దాంతో అక్కడ రేట్లు పడిపోయిన మాటా నిజం. కానీ మెసేజ్ రాసినవాడు అక్కడే ఆగిపోయాడు. వయసు ఒక్కటే చూసి యజమానుల మీద కఠిన చర్యలు వద్దని 2025 ఆగస్టులో అదే కోర్టు చెప్పింది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్4 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణాల్లో ఒకటి), ఆపై బండ్లకే పరిమితం చేసింది. అంటే బీఎస్4 బండి ఉన్న ఢిల్లీ ఆసామికి ఇప్పుడు తెల్లారేలోగా వదిలించుకోవాల్సిన తొందర లేదు. అయినా తెగనమ్ముతున్నాడంటే కారణం క్యాలెండర్లో కాకుండా బండి కింద ఉందేమో చూడాలి.

ఇక నెంబరు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు దెబ్బ తినేది ఇక్కడే. మోటారు వాహనాల చట్టంలో 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నెంబరు తీసుకోవాలి. 30 రోజులకే పన్ను కట్టమనే కర్ణాటక సవరణను హైకోర్టు 2016లో కొట్టేసింది. అందరూ ఆ తీర్పునే చూపిస్తారు. ఆ తీర్పుతో మనకు మిగిలింది ఏడాది గడువు, జీవితకాలపు మినహాయింపు కాదు. హిందూపురంలో మేనమామ అడ్రసు మీద రిజిస్టర్ చేయించి వైట్‌ఫీల్డ్‌లో తిప్పుకోవచ్చని కూడా ఎవరో కింద కామెంట్ పెట్టారు. బండి మామూలుగా ఉండే చోటే రిజిస్టర్ చేయించాలని 40వ సెక్షన్ చెబుతోంది. మేనమామ మంచివాడే కావచ్చు, బండి ఉండేది మాత్రం వైట్‌ఫీల్డ్‌లో.

ఎవరూ అడగరా? 2025 ఫిబ్రవరిలో బెంగళూరు రవాణాశాఖ వాళ్ళు ఇక్కడి పన్ను కట్టకుండా తిరుగుతున్న 30 ఖరీదైన కార్లు ఒకే ఆదివారం పట్టుకున్నారు. ఫెరారీ, పోర్షే, బీఎండబ్ల్యూ, ఆడి అన్నీ ఉన్నాయందులో. అదే ఏడాది జులైలో మహారాష్ట్ర నెంబరుతో ఇక్కడ తిరుగుతున్న ఒక ఫెరారీ దగ్గర పన్ను కింద సుమారు 1.42 కోట్లు ఒక్కరోజులో కట్టించుకున్నారు. మామూలు స్విఫ్ట్ ఏపీ39 నెంబరుతో రింగ్ రోడ్డు మీద పదేళ్ళు తిరిగినా కంటపడకపోవచ్చు. ఇంత పొడవు బానెట్ ఉన్న బండి పడుతుంది.

పోనీ, బుద్ధిగా కడదామనుకుంటే? కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం, పైన సెస్. ఇది మీరు కొన్న 17 లక్షల మీద అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. లెక్క కట్టేది బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద. 75 లక్షలకు 18 శాతమంటే పదమూడున్నర లక్షలు. వయసు తగ్గింపు పోను, సెస్ కలిపి నేను కట్టింది 8 లక్షల పైచిలుకు. ఆర్టీవో ఆఫీసు బయట ఏజెంటు ఆ అంకె కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీసి, నా వైపు తిప్పి పెట్టాడు. ఢిల్లీలో కట్టిన పన్నుకు వాపసు అడగొచ్చు. అది ఇక్కడ కట్టేసిన తర్వాతి మాట.

మొత్తం మెసేజ్‌లో ఉన్న తప్పంతా ఈ కాగితంలోనే ఉంది. అమ్మేవాడి దగ్గర బండి ధర పడిపోయింది, నిజమే. పన్ను వేసేవాడికి, సామాన్లు అమ్మేవాడికి అది ఇప్పటికీ 75 లక్షల బండే. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మా జేజి అనేది.

మెయింటెనెన్స్ సంగతి చూడండి. కొన్న ఐదో నెలలో ఒక పొద్దున బేస్‌మెంటులోంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. రాయచోటి మనిషి. "అన్నా, నీ బండి ఒకపక్క కుంగిపాయ, వచ్చి సూడు" అన్నాడు. వెళ్ళి చూస్తే ముందు ఎడమవైపు బాడీ టైరు మీదికి దిగిపోయి, ఏనుగు ఒక కాలు మడిచి కూర్చున్నట్టుంది. ఎయిర్ సస్పెన్షన్లో ఇనుప స్ప్రింగు ఉండదు, గాలి నింపిన రబ్బరు స్ప్రింగు ఉంటుంది. రబ్బరు పగుళ్ళిచ్చి రాత్రంతా గాలి దిగిపోతుంది, పొద్దున స్టార్ట్ చేస్తే కంప్రెసర్ మళ్ళీ నింపుతుంది. ఇలా రోజూ నింపీ నింపీ చివరికి కంప్రెసర్ కూడా పోతుంది. నాకు రెండూ పోయాయి. షోరూం ఎస్టిమేటు చూసి అక్కడి సోఫాలోనే కాసేపు కూర్చున్నాను.

ఇక్కడ మెసేజ్‌లో సగం నిజముంది, ఒప్పుకోవాలి. బయటి మంచి గ్యారేజీలో లేబర్ తక్కువ. కంపెనీ ముద్ర లేకుండా అదే సామాను తయారీదారు పేరుతో దొరుకుతుంది. గేర్‌బాక్సుకు జెడ్‌ఎఫ్, సెన్సర్లకు బాష్, ఫిల్టర్లకు మాన్. నాకు అలా చాలా మిగిలింది. కానీ మిగిలింది షోరూం ధరతో పోలిస్తే మాత్రమే. క్రెటాతో పోల్చకండి. బ్యాటరీ మార్చినా స్కానర్ (బండిలోని కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టి బండికి ఆ సంగతి నమోదు చేయాలి, బయట దొరికింది తెచ్చి బిగిస్తే కుదరదు. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని కార్ల కంపెనీలు కొన్ని చెబుతాయి. ఆ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఎవరి మాట వినాలో మీరే చూసుకోండి. నేను మార్పించాను.

టైర్లకు ఒక్క మాట. పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఢిల్లీ బండి టైర్లు నల్లగా నిగనిగలాడుతుంటే పాలిష్ చూసి మురిసిపోకుండా ఆ అంకెలు చదవండి. పలచటి సైడువాలు టైరుకు మన వర్తూరు రోడ్డు గుంత ఒక్కటి చాలు, పక్కన కోడిగుడ్డంత ఉబ్బు వస్తుంది. ఉబ్బిన టైరుకు పంక్చరు షాపులో మందు లేదు.

ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. ఎనిమిదేళ్ళ బండికి జీరో డెప్, అంటే సామాన్ల తరుగు కోసుకోకుండా డబ్బిచ్చే పాలసీ, అంత తేలిగ్గా ఇవ్వరు. అది లేకపోతే రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు సగం మనదే, ఐదేళ్ళు దాటి పదేళ్ళ లోపున్న బండికి ఇనుప సామాన్లలో 40 శాతం మనదే. ఇంకో మెలిక ఉంది. పాలసీలో బండి విలువ ఇప్పటి పడిపోయిన ధర, రిపేరు బిల్లు మాత్రం కొత్త సామాన్ల ధర. బిల్లు ఆ విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే బండి పూర్తిగా పోయినట్టు, రాసేస్తారు. రెండు హెడ్‌లైట్లు, రేడియేటరు, ఎయిర్‌బ్యాగులు కలిస్తే ఆ గీత ఎంత దగ్గరో ఊహించండి. మామూలు కారుకు రిపేరయ్యే గుద్దుకే ఈ బండి కథ ముగిసిపోతుంది.

2022 సెప్టెంబరు వానలు గుర్తున్నాయా? యెమలూరు విల్లాల్లో కోట్ల కార్లు నీళ్ళలో తేలాయి, జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్లోకి నీళ్ళు లాక్కుని లోపల కడ్డీలు వంగిపోతాయి. ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోకపోతే మామూలు పాలసీ దానికి డబ్బివ్వదు. మాది గుంతలో ఉన్న బేస్‌మెంటు. మబ్బు పడితే నేను బండి తీసుకెళ్ళి ఫ్లైఓవర్ పక్క ఎత్తులో పెట్టొస్తాను. మా ఆవిడ నవ్వుతుంది.

మూడు లక్షల కిలోమీటర్ల మాట అబద్ధమేమీ కాదు, హైవే మీద. సిల్క్ బోర్డు దగ్గర కాదు. డీజిల్ పొగలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. రింగ్ రోడ్డు మీద గంటకు ఎనిమిది కిలోమీటర్లు కదిలితే ఎక్కడ వేడెక్కుతుంది? వార్నింగ్ లైటు వెలుగుతుంది. నా బండికి మందు అనంతపురం. దేవనహళ్ళి దాటి బాగేపల్లి టోలు దాకా ఒక ఊపున పోనిస్తే లైటు ఆరిపోతుంది. ఆ గంటన్నర మాత్రం, ఒట్టు, ఇంకో కారెక్కబుద్ధి కాదు. వెనక సీట్లో అమ్మ నడుం నొప్పి అనకుండా ఊరు చేరుతుంది. అందుకే ఇంకా అమ్మలేదు.

బావమరిదితో ఢిల్లీకి నేను వెళ్ళలేదు. కొనేముందు ఇక్కడి పన్ను లెక్క వేయించుకోమన్నాను, స్కానర్ ఉన్న మెకానిక్కుని పట్టుకోమన్నాను. ముఖ్యంగా బండిని రాత్రంతా ఆపి, ముందు చక్రం పైన ఖాళీ ఎంతుందో రాత్రి ఒకసారి, పొద్దున స్టార్ట్ చేయకముందు ఒకసారి కొలవమన్నాను. టేపు పట్టుకునే వెళ్ళాడు. మర్నాడు ఆరున్నరకే ఫోన్.

"బావా, నాలుగు వేళ్ళు తగ్గింది."

"తిరుగు రైలు ఎన్నింటికిరా?" అన్నాను.