ఇడ్లీ, రుబ్బురోలు ఒకే రంగులో ఎందుకు పడ్డాయి?

కాకినాడలో ఒక మేడ మీది వాటా. ఆదివారం ఉదయం ఎనిమిది గంటలు. ఆయన మూడు నెలల క్రితం బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించారు. ఆవిడ అంతకు రెండేళ్ల ముందే హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరయ్యారు. భోజనాల బల్ల మీద ఇడ్లీల పళ్లెం, దాని పక్కన ఆవిడ తమ్ముడి దగ్గర పది రోజులకు అరువు తెచ్చిన పాత కెమెరా, ఆ రెండింటినీ సగం సగం కప్పుతూ ఒక రంగుల కరపత్రం ఉన్నాయి. గోడకు ఇవతలి వాటాలో ఉంటున్నందువల్ల మిగతాదంతా నేను వినవలసి వచ్చింది.

ఆయన: ఇదిగో, నెల రోజులుగా చదివి, నలుగురినీ అడిగి తేల్చుకున్న విషయం చెబుతున్నాను, మధ్యలో అడ్డు రాకుండా విను. మనం కొనవలసినది ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, అంటే లోపల అద్దం లేని రకం. దాని సెన్సర్, అంటే వెలుతురును పట్టే పలక, 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 45 మెగాపిక్సెళ్లు. చీకట్లో కూడా బొమ్మ తీస్తుంది.

ఆవిడ: చీకట్లో మీకు స్నానాలగది స్విచ్చే దొరకదు, బొమ్మ ఎక్కడ దొరుకుతుందండీ? ఆ కాగితంలో ధర పక్కన చీమ తలకాయంత అక్షరాలతో ఏదో వేశారు, అది కూడా పైకి చదవండి.

ఆయన: "బాడీ మాత్రమే" అని ఉంది.

ఆవిడ: పొయ్యి అమ్మి, బర్నర్లు విడిగా కొనుక్కోమన్నట్లుంది.

ఆయన: లెన్సు మన ఇష్టప్రకారం ఎంచుకోవచ్చన్నదే ఇందులోని గొప్పదనం, నీకు అర్థం కాదు.

ఆవిడ: మన ఇష్టం ఎక్కడిది? ఆ కంపెనీ మౌంటుకు, అంటే లెన్సు బిగించే చోటుకు, ఏది పడితే అదే కొనాలి. నికాన్ బాడీకి కానన్ లెన్సు నేరుగా బిగియదని మా తమ్ముడు చెప్పనే చెప్పాడు. కెమెరా కొనడమంటే ఒక ఇంటితో వియ్యమందడమే. ఇవాళ ఎవరింటి పిల్లను తెచ్చుకుంటామో, రాబోయే పదేళ్ల పెట్టుపోతలన్నీ ఆ ఇంటితోనే నడుస్తాయి కాబట్టి, బాడీ ధర చూసి మురిసిపోకుండా ముందుగా ఆ ఇంటి లెన్సుల ధరలు ఆరా తీయాలి.

ఆయన: మరి 45 మెగాపిక్సెళ్ల మాటేమిటి?

ఆవిడ: టేపు ఇలా ఇవ్వండి. గడియారానికీ క్యాలెండరుకూ నడుమ గోడ మీద ఉన్న ఖాళీ 22 అంగుళాలు. 24 మెగాపిక్సెళ్ల బొమ్మ అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యంగా అచ్చు వేసినా 20 అంగుళాల పొడవు వస్తుంది. 45 అంటే రెట్టింపు బొమ్మ వస్తుందని మీరు అనుకుంటున్నారు గానీ, పొడవులో పెరిగేది ఏడు అంగుళాల చిల్లర మాత్రమే. దాని కోసం గడియారం తీసేయమంటారా, క్యాలెండరు తీసేయమంటారా?

ఆయన: కళను టేపుతో కొలిచే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. సికిందరాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాముకు ఆస్థాన ఛాయాచిత్రకారుడు. అంత పెద్ద కెమెరాను మోసుకుని తిరిగిన ఆయనను ఇంట్లో ఎవరైనా ఇలా అడ్డుకున్నారా?

ఆవిడ: ఆయన గాజు పలకల మీద తీశాడు. పలక చెడితే బొమ్మ పోయినట్లే కాబట్టి, ముందు వెలుతురు చూసుకుని తరువాత మూత తీసేవాడు. మీరు నిన్న సాయంత్రం మన తులసికోటను 214 సార్లు తీశారు. వెనక ఉన్న నీళ్ల ట్యాంకు మీద కంపెనీ పేరు అక్షరం అక్షరం స్పష్టంగా ఉంది గానీ, ఒక్క తులసాకు ఆనవాలు తెలియడం లేదు. ఆ గదిలో వీణ ఉంది, డాబా మీద టెలిస్కోపు ఉంది, ట్రెడ్‌మిల్లు మీద మన తువ్వాళ్లు ఆరుతున్నాయి. నాలుగోది తెచ్చేలోపు, అరువు తెచ్చిన ఈ కెమెరాతో ఈ నాలుగు ఇడ్లీలనూ ఇడ్లీల్లా తీసి చూపించండి. ఆ తరువాత మీ కరపత్రం సంగతి మాట్లాడుకుందాం.

(ఇది న్యాయమైన పందెమేనని నాకు తోచింది. ఇడ్లీని ఫొటో తీయడం చూసినంత తేలిక కాదు. ఆయన కుర్చీ ఎక్కారు, దిగారు, ఊపిరి బిగబట్టారు. షట్టరు చప్పుడు నాకు వినిపించింది.)

ఆయన: చూడు. వెలుతురు లెక్క కెమెరాకే వదిలేసి తీశాను, ఇందులో నా తప్పంటూ ఏమీ లేదు.

ఆవిడ: తెల్లటి బల్లగుడ్డ మీద, తెల్లటి పింగాణీ పళ్లెంలో, మల్లెపూవుల్లాంటి ఇడ్లీలు పెడితే, సిమెంటు బిళ్లలు పడ్డాయేమిటండీ?

ఆయన: అది మీ తమ్ముడి కెమెరా లోపం.

ఆవిడ: నిన్న పెరట్లో మా అత్తగారి రుబ్బురోలును తీశారే, అది తెరవండి. చూశారా, నల్లరాతి రోలు కూడా బూడిద రంగులోనే ఉంది. ఇడ్లీ, రుబ్బురోలు ఒకే రంగులో పడ్డాయంటే, అది లోపం అయ్యే అవకాశమే లేదు, దాని పద్ధతే అది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు తెలుపు, నలుపు తెలియవు. ఎదురుగా ఏమున్నా, సగటున మధ్యరకం బూడిద రంగే అని నమ్మి లెక్క వేస్తుంది. మా స్కూల్లో ఒక మహానుభావుడు పేపర్లు తెరవకుండానే అందరికీ యాభై మార్కులు వేసేవాడు. నూటికి నూరు రావలసిన పిల్ల ఏడ్చేది, సున్నా రావలసినవాడు పండగ చేసుకునేవాడు. మీ ఇడ్లీ ఆ ఏడ్చిన పిల్ల. మీ రుబ్బురోలు ఆ రెండోవాడు.

ఆయన: అయితే నూరు మార్కులు వేయమని దానికి ఎలా చెప్పాలి?

ఆవిడ: ప్లస్, మైనస్ గుర్తులున్న ఆ బొత్తాం నొక్కి, ప్లస్ వైపు ఒకటింబావు దాకా తిప్పండి. దాన్ని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. తెల్లటి వస్తువుకు ప్లస్, నల్లటి వస్తువుకు మైనస్.

ఆయన: ఒకటింబావు లేదు. ఒకటి మీద మూడో వంతు ఉంది.

ఆవిడ: అదే పెట్టండి, ఇడ్లీ ఏమీ అనుకోదు.

ఆయన: తెల్లబడింది! నిజంగానే తెల్లబడింది. కానీ కదిలిపోయినట్లుంది. ఒక్కొక్క ఇడ్లీకి రెండేసి అంచులు కనిపిస్తున్నాయి.

ఆవిడ: షట్టరు ఎంతసేపు తెరుచుకుందో కింద అంకె ఉంటుంది, చదవండి.

ఆయన: సెకనులో ఒకటిన్నర వంతు... కాదు, ఒక సెకను పైనే.

ఆవిడ: ఒక సెకను పాటు మీ చెయ్యి కదలకుండా ఉంటే, కాఫీ గ్లాసు కింద సాసరు ఎందుకండీ మనకు? చేత్తో పట్టుకుని తీసేటప్పుడు లెన్సు మీద రాసిన మిల్లీమీటర్ల అంకె ఎంతో, సెకనులో కనీసం అన్నో వంతు వేగం ఉండాలంటారు. 50 మిల్లీమీటర్లకు 50వ వంతు. ఇలాంటి చిన్న సెన్సరుకైతే ఇంకాస్త ఎక్కువగా 80వ వంతు.

ఆయన: వేగం పెంచితే నల్లబడుతుంది కదా?

ఆవిడ: పడుతుంది. అందుకే మిగిలిన ఇద్దరినీ కదపాలి: వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్‌ఓ, లెన్సు రంధ్రం ఎంతో చెప్పే ఎఫ్ అంకె. పాలవాడి లెక్కల పుస్తకం ఇలా ఇవ్వండి. ఈ ట్యూబులైటు కింద మామూలు వస్తువుకు, ఐఎస్‌ఓ 100 దగ్గర, ఎఫ్/5.6 దగ్గర, సుమారు అర సెకను కావాలి. ఇడ్లీ తెల్లబడాలని మనం పైన కొసరు వేశాం కాబట్టి అది ఒక సెకను దాటింది. ఇప్పుడు ఐఎస్‌ఓను 1600 చేస్తే పదహారు రెట్లు, అంటే అర సెకను కాస్తా 32వ వంతు అవుతుంది. ఆ పైన ఎఫ్/5.6 లెన్సు తీసి ఎఫ్/1.8 లెన్సు పెడితే, ఇంకో తొమ్మిదిన్నర రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది కాబట్టి, 300వ వంతు దాటుతుంది. అప్పుడు మన మనవరాలు పరుగెత్తుతున్నా ముఖం నిలుస్తుంది.

ఆయన: 1.8 చిన్న అంకె, 5.6 పెద్ద అంకె. చిన్న అంకెకు ఎక్కువ వెలుతురు రావడమేమిటి? బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను, ఇలాంటి తలకిందుల పద్దు ఎక్కడా చూడలేదు.

ఆవిడ: అది భాగహారమండీ. 50 మిల్లీమీటర్ల లెన్సును 2తో భాగిస్తే రంధ్రం 25 మిల్లీమీటర్లు, పాత రూపాయి బిళ్లంత. 16తో భాగిస్తే మూడు మిల్లీమీటర్లు, కందిగింజ కన్నా చిన్నది. ఏ కిటికీలోంచి ఎక్కువ వెలుతురు వస్తుందో మీరే చెప్పండి.

ఆయన: అయితే ఐఎస్‌ఓ ఒక్కటే 12800 చేసేస్తే పోలేదా? ఏ లెన్సూ కొనక్కరలేదు.

ఆవిడ: చేసి చూడండి.

ఆయన: ... ఇదేమిటి, ఫొటో నిండా బొంబాయి రవ్వ చల్లినట్లుంది!

ఆవిడ: ఇడ్లీ ఉప్మా అయింది. పైగా ట్యూబులైటు ఛాయ పట్టి కొబ్బరి పచ్చడి పుదీనా పచ్చడిలా ఉంది, ఆ ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్సు సంగతి మధ్యాహ్నం చూద్దాం. ఇప్పుడు ఐఎస్‌ఓ తగ్గించి, మిగతావేమీ తిప్పకుండా ఆ పళ్లెం ఎత్తి, తూర్పు కిటికీ దగ్గర ఈ ముక్కాలి పీట మీద పెట్టండి. లైటు ఆర్పేయండి. పరదా సగం వేయండి.

(కాసేపు నిశ్శబ్దం. ఆ ఇంట్లో అది అరుదు. పరదా ఉంగరాలు జారిన చప్పుడు, తరువాత షట్టరు ఒక్కసారి.)

ఆయన: ఇడ్లీ మీద చిల్లులు కూడా కనిపిస్తున్నాయే! ఇవతలి పక్క తెల్లగా, అవతలి పక్క కొంచెం నీడగా, గుండ్రంగా ఉంది. ఇదే కెమెరానా?

ఆవిడ: ఇదే కెమెరా, ఇవే ఇడ్లీలు, చల్లారాయి కూడా. వెలుతురు పక్క నుంచి వచ్చింది, అంతే తేడా.

ఆయన: సరే, ఒప్పుకున్నాను. కానీ మనవరాలి పుట్టినరోజు ఫొటోల్లో వెనక దండెం, దాని మీద బట్టలు మంచు పట్టినట్లు మసకబారాలి. దానికి ఫుల్ ఫ్రేమే కావాలని దుకాణంలో అబ్బాయి ఒట్టేసి చెప్పాడు.

ఆవిడ: మసక సులభంగా వస్తుంది, కాదనను. అయితే ఏపీఎస్-సి అనే చిన్న సెన్సరు కెమెరాకు 50 ఎఫ్/1.8 పెట్టి, పిల్లను దండేనికి పది అడుగుల ముందుకు కూర్చోబెట్టి, మీరు దగ్గరగా నిలబడితే కావలసినంత మసక వస్తుంది. చిన్న సెన్సరు మీద ఆ లెన్సు 75 మిల్లీమీటర్ల చూపు చూస్తుంది కాబట్టి, ముఖాలకు అది మరీ బాగుంటుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది, ఆ రోజుకు దండెం మీది బట్టలు మీరే తీసి మడతపెట్టవచ్చు.

ఆయన: లెన్సే కొంటాను. చిన్న బాడీ, దానితో వచ్చే 18-55 కిట్ లెన్సు, విడిగా ఒక 50. ఇక కొత్తది అననుగా?

ఆవిడ: అనకండి. మరొక మాట, కోరింగ మడ అడవుల్లో చెక్కబాట మీద నడుస్తుంటే కొంగలు, నీటికాకులు దగ్గరకు రానివ్వవు. 200 మిల్లీమీటర్ల దాకా సాగే జూము ఒకటి ఉంటే...

ఆయన: ఆహా! పెట్టుపోతలు మీ వైపు నుంచే మొదలయ్యాయన్నమాట. పాలవాడి పుస్తకంలో అది కూడా వేసుకో, సంక్రాంతికి చూద్దాం. అన్నట్లు, ఇది సముద్రపు ఊరు, ఈ తేమకు లెన్సులో బూజు పడుతుందట. అందుకని కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ అని ఒక అద్దాల బీరువా...

ఆవిడ: బీరువా ఏమీ వద్దు. గాలి చొరని మూత ఉన్న పెద్ద డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, లోపల తేమ చూపే చిన్న మీటరు ఒకటి ఉంటే చాలు. ముల్లు 40 శాతానికీ 50 శాతానికీ నడుమ ఉంటే బూజు పట్టదు.

ఆయన: అంత బిగుతు మూత ఉన్న డబ్బా మన ఇంట్లో ఎక్కడుంది?

ఆవిడ: అప్పడాల డబ్బా ఉంది.

ఆయన: అప్పడాల డబ్బాలో కెమెరానా? ఎవరైనా వింటే నవ్విపోతారు.

ఆవిడ: అప్పడాలు మూడేళ్లుగా మెత్తబడకుండా అందులోనే ఉన్నాయి. నాకున్న బాధల్లా, డబ్బా మీ కెమెరాకు ఇచ్చేస్తే నూట యాభై అప్పడాలు ఎక్కడ పెట్టాలనే.

ఆయన: దానికి ఇంత ఆలోచన దేనికి? మధ్యాహ్నం పప్పులోకి ఇరవై వేయించు. సాయంత్రం ఇంకో ఇరవై. పక్కవాటా ఆయన గోడకు చెవి ఆనించి పొద్దుటినుంచి నిలబడే ఉన్నాడు, ఆయనకొక పది పంపించు.