సవరణ: యూదుల జ్ఞానగ్రంథాల్లో గ్రీకు ప్రభావం

ప్రసంగి, బెన్ సీరా, సొలొమోను జ్ఞానగ్రంథం (ఎలా బతకాలో బోధించే ప్రాచీన యూదు గ్రంథాలివి) మూడింటి మీదా గ్రీకు తత్వం ముద్ర ఒకేలా ఉందని గత పోస్టులో ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: ఆ ముద్ర స్పష్టంగా కనిపించేది చివరిదైన సొలొమోను జ్ఞానగ్రంథంలోనే. అది రాసిందే గ్రీకులో, బహుశా ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. 8వ అధ్యాయం 7వ వచనంలో నిగ్రహం, వివేకం, న్యాయం, ధైర్యం వరసగా వస్తాయి. ప్లేటో చెప్పిన నాలుగు సద్గుణాలు అవే. నశించే దేహం ఆత్మకు బరువన్న మాట (9:15) కూడా ఆ బాటలోదే. (ప్రొటెస్టెంట్ల తెలుగు బైబిల్లో ఈ గ్రంథం ఉండదు, క్యాథలిక్ బైబిల్లో చూడాలి.) బెన్ సీరా మాత్రం తన పేరున్న గ్రంథాన్ని క్రీ.పూ. 180 ప్రాంతంలో హీబ్రూలో రాశాడు. గ్రీకులోకి మార్చింది ఆయన మనవడు. ప్రసంగి మీద గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ ప్రభావం గురించి పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే ఆ పోలిక బలహీనంగానే అనిపిస్తుంది.