కొడుకు నోరు విప్పిన తర్వాతి నిమిషం

"ఏరా, పరీక్ష ఎలా రాశావ్?"
"బానే రాశా."
"ఇంకేంటి సంగతులు?"
"ఏం లేదు."
"తర్వాత ఏం చదువుదామనుకుంటున్నావ్?"
"తెలీదు."

ఎదిగే కొడుకున్న తండ్రుల్లో చాలామందికి ఈ మూడు జవాబులూ కంఠతా వచ్చే ఉంటాయి. ఆ పిల్లాడే గది తలుపు వేసుకుని స్నేహితుడితో గంటసేపు మాట్లాడతాడు, నవ్వుతాడు, వాదిస్తాడు. వాడి దగ్గర మాటలకేం కొదవ లేదు, అవి మన దాకా రావడం లేదంతే. 'మావాడు మొదట్నుంచీ మితభాషి' అని సర్దిచెప్పుకునే ముందు తండ్రి ఈ తేడాను కళ్లు తెరిచి చూడాలి.

కొడుకు చేత ఎలా మాట్లాడించాలా అని తలపట్టుకునే నాన్నలు నాకు చాలామంది తెలుసు. నేను వాళ్లను ముందు ఒకటి గుర్తు చేసుకోమంటాను. వాడు తనంతట తాను వచ్చి ఏదైనా చెప్పిన ఆ ఒకటి రెండు సందర్భాల్లో, ఆ తర్వాతి నిమిషంలో మీరేం చేశారు?

ఈ ప్రశ్నకు ఇంత బరువు ఎందుకంటే, కొడుకు గురించి మనకు తెలిసేదంతా దాదాపు వాడి దయే. స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 14 ఏళ్ల పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ పరిశీలించి 2000లో ఫలితాలు ప్రచురించారు. పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారో, ఎవరితో తిరుగుతున్నారో బాగా తెలిసిన ఇళ్లలో పిల్లలు చిక్కుల్లో పడటం తక్కువని అప్పటికే తెలుసు. కన్నేసి ఉంచడం వల్లే ఆ మేలు జరుగుతోందని అంతా అనుకునేవారు. వీళ్లిద్దరూ ఒక అడుగు వెనక్కి వేసి, అసలు ఆ సంగతులు తల్లిదండ్రులకు ఎలా తెలిశాయని ఆరా తీశారు. ఆరాల వల్లనో ఆంక్షల వల్లనో తెలిసింది కొంతే. ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పుకున్నదే. హద్దులు పెట్టడానికీ అడిగి తెలుసుకోవడానికీ వాటి విలువ వాటికుందని తర్వాతి పరిశోధకులు వాదించారు, అదీ నిజమే. కానీ కొడుకు ఫోన్ రహస్యంగా తిరగేసే తండ్రికి ఈ ఫలితం ఒక హెచ్చరిక. అది బయటపడిన రోజున, వాడు చెప్పడం ఆపేస్తే ఇక తెలుసుకునే దారే ఉండదు.

నా అనుభవమే చెబుతాను. మా అబ్బాయి పద్నాలుగో ఏట ఒక సాయంత్రం వచ్చి, లెక్కల పరీక్షలో తప్పానని తనే చెప్పాడు. దాచడానికి వీలుండి కూడా దాచలేదు. నేను వెంటనే అన్నది, "ఆ ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఇంకేమవుతుంది?" అని. ఆ మాటలో అబద్ధం లేకపోవచ్చు. కానీ ఆ క్షణంలో వాడు నా ముందు పెట్టింది మార్కుల కాగితం కాదు, నమ్మకం. అది నాకు కనిపించలేదు. ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు వాడి కష్టం ఏదీ నా దాకా రాలేదు. మార్కులు బాగుపడ్డాయి కాబట్టి అంతా బాగుందనుకున్నాను.

చెడ్డ వార్త వినగానే తండ్రి నోట ముందుగా వచ్చేది మూడింట్లో ఒకటి: కారణం వెతకడం, పరిష్కారం చెప్పడం, తన చిన్నతనంతో పోల్చడం. మూడూ ప్రేమతోనే వస్తాయి. మూడూ ఎదుటివాడి మాటను మధ్యలోనే తుంచేస్తాయి. "అవునా... తర్వాత?" అనే రెండు పొడి మాటలు ఆ నిమిషంలో ఎంతో నయం. సలహా రేపు కూడా ఇవ్వొచ్చు. "నన్నేమైనా చెయ్యమంటావా, ఊరికే వినమంటావా?" అని అడిగితే ఇంకా మంచిది. మొదట్లో వాడు వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

మనం అంత తొందరపడటానికి కారణం చాలాసార్లు కొడుకులో ఉండదు, మన వయసులో ఉంటుంది. మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా 1950లో వివరించిన మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్‌సన్, కౌమారంలో 'నేనెవరిని' అన్న వెతుకులాట ముఖ్యమన్నాడు. నడివయసులో, తర్వాతి తరానికి ఏదైనా అందించగలుగుతున్నానా లేక ఉన్నచోటే ఆగిపోయానా అన్న మథనం ముఖ్యమన్నాడు. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకేసారి నడుస్తుంటాయి. మరో మనోవిశ్లేషకుడు ఎలియట్ జాక్స్ 1965లో 'మిడ్‌లైఫ్ క్రైసిస్' (నడివయసు సంక్షోభం) అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. అది అందరికీ తప్పని సంక్షోభమేమీ కాదు గానీ, గడిచిన జీవితాన్ని లెక్క చూసుకోవడం మాత్రం చాలామందికి అనుభవమే. అందని ఉద్యోగం, వదిలేసిన చదువు, కొత్తగా వచ్చిన రక్తపోటు మాత్ర. అవతల కొడుకు ముందు దారులన్నీ తెరిచి ఉంటాయి. వాడు ఒక సాయంత్రం వృథా చేస్తే మనకు మనం పోగొట్టుకున్న ఏళ్లు గుర్తొస్తాయి. అప్పుడు మన గొంతులో పలికేది వాడి తప్పుకు తగిన కోపం కాదు, మన పాత భయం. 'ఈ మాట వాడి కోసం అంటున్నానా, నా కోసం అంటున్నానా' అని నోటి దాకా వచ్చిన మాటను ఒక్కసారి ఆపి చూసుకుంటే, సగం గొడవలు మొదలే కావు.

ఇక దేని మీద పట్టుబట్టాలన్న విషయం. కౌమారంలోని పిల్లలు అన్నిటికీ ఎదురుతిరుగుతారన్నది అపోహ. మనస్తత్వ శాస్త్రవేత్త జుడిత్ స్మెటానా ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపించింది. ప్రాణ భద్రతకూ ఇతరులకు హాని కలిగించే పనులకూ సంబంధించి, తల్లిదండ్రులు నియమాలు పెట్టడం న్యాయమేనని పిల్లలే చాలావరకు ఒప్పుకుంటారు. జుట్టు, బట్టలు, సంగీతం, గది ఎలా ఉంచుకోవాలి అన్నవి మాత్రం తమ సొంత విషయాలనుకుంటారు. తాగి బండి నడపకూడదన్న మాటకు బలం మిగలాలంటే, జుట్టు దగ్గర ఆ బలాన్ని ఖర్చు పెట్టుకోకూడదు.

చోటు, వేళ కూడా చూసుకోవాలి. ఎదురెదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అంటే ఏ వయసువాడికైనా గుండె జారుతుంది. బండిలో పక్కపక్కన వెళ్తున్నప్పుడు, ఏదో వస్తువు బాగుచేస్తున్నప్పుడు, చూపులు కలవనక్కర్లేని చోట మాట తేలిగ్గా వస్తుంది. కౌమారంలో నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోన్ ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే వాళ్లకు రాత్రి పొద్దుపోయాక గానీ నిద్ర రాదు, తెల్లవారి లేవలేరు. పొద్దున్నే హడావుడిలో అడిగిన ప్రశ్నకు గొణుగుడే జవాబైతే అది పొగరు కానక్కర్లేదు. అదే పిల్లాడు రాత్రి పదకొండింటికి నీళ్ల కోసం వచ్చి తలుపు దగ్గర నిలబడి ఏదో మొదలుపెడతాడు. మనకు కళ్లు మూతలు పడుతున్నా సరే, ఆ వేళ లేచి కూర్చోవాలి.

చాలా ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. తండ్రీకొడుకుల మధ్య అమ్మ తపాలా మనిషి అయిపోతుంది. "మీ నాన్నకు నేను చెబుతాలే" అని అటు, "వాడిని మీరేం అనకండి" అని ఇటు. గొడవలు తగ్గుతాయి, నిజమే. కానీ వాడి మాట నాకు వచ్చేసరికి అందులో వాడి గొంతు ఉండదు. నా మాట వాడికి చేరేసరికి తీర్పు ఒక్కటే మిగులుతుంది. ఆమె మీద ఆ భారం వేయడం కూడా అన్యాయం. కొడుకు ఏదైనా ఆమె ద్వారా అడిగించినప్పుడు విసుక్కోకుండా, "సరే, నేనే వాడితో మాట్లాడతాను" అని లేచి వెళ్లడం తండ్రి చేయాల్సిన పని.

మాట జారినప్పుడు క్షమాపణ అడగాలి. "నిన్న అలా అనకుండా ఉండాల్సింది, తప్పు నాది" అని, వెనుక 'కానీ' చేర్చకుండా. పెద్దరికం తగ్గుతుందన్న భయం వద్దు. తప్పు ఒప్పుకోవడం ఎలాగో మగపిల్లలు నేర్చుకునేది మొదట తండ్రిని చూసే.

అన్ని మౌనాలూ ఒకటి కాదన్నది కూడా చెప్పి తీరాలి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి మారిపోయినా, స్నేహితులను పూర్తిగా వదిలేసినా, ఇష్టమైన ఆట మీద కూడా ఆసక్తి పోయినా, బతకడం దండగ అన్నట్టు మాట్లాడినా, అది ఎదిగే వయసు తీరు అని వదిలేయకూడదు. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

తండ్రులు అడిగే ప్రశ్నలన్నీ లెక్కలడిగేవే. ఎన్ని మార్కులు, ఎంత డబ్బు, ఎన్నింటికి వస్తావ్. మన లెక్క మాత్రం వాళ్లకెప్పుడూ చెప్పం. కిందటేడు నా ఉద్యోగం ఊగిసలాటలో పడింది. కొన్ని నెలలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక రాత్రి మావాడితో బండిలో వస్తూ, ఎందుకో ఆపుకోలేక చెప్పాను. ఉద్యోగం పోవచ్చని, భయంగా ఉందని. భారం వాడి మీద పడకూడదని, దారి చూసుకోవాల్సింది నేనేనని, వాడి చదువుకేం కాదని కూడా చెప్పాను. పదిహేడేళ్లవాడు కాసేపు రోడ్డు వైపు చూసి, "రాత్రిళ్లు నిద్ర పడుతోందా నాన్నా?" అని అడిగాడు. ఆ మాట నేను వాడిని ఎన్నడూ అడగలేదు.

పట్టడం లేదన్నాను. రెండు మలుపులు దాటాక, తనకూ పట్టడం లేదన్నాడు. ఈసారి ఫోన్ మాట ఎత్తలేదు. బండి నెమ్మది చేసి, "ఎన్నాళ్ల నుంచిరా?" అని మాత్రం అడిగాను.