టమాటాకి వేసవి సెలవులు ఇవ్వాలి

ఏప్రిల్ నెలాఖరుకి బడులు మూసేస్తాం. కోర్టులకి వేసవి సెలవులున్నాయి. కూడళ్లలో ట్రాఫిక్ పోలీసులకి మజ్జిగ ప్యాకెట్లు పంచి ఫోటోలు దిగుతాం. మరి మే నెలలో, బెజవాడలో, సిమెంటు శ్లాబు మీద, నల్ల ప్లాస్టిక్ గ్రో బ్యాగులో, ఊపిరాడని ఉక్కలో నిలబెట్టి కాయలు కాయమంటున్నామే, ఆ టమాటా మొక్క ఎవరికేం ద్రోహం చేసింది? దీని గురించి అడిగే నాథుడు లేడు. కాబట్టి మిద్దెతోటల వేసవి సెలవుల బిల్లు ఒకటి వచ్చే సమావేశాల్లోనే ప్రవేశపెట్టాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను.

ఇది జాలితో అంటున్న మాట కాదు, సైన్సే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 కిందకి దిగకపోతే టమాటా పుప్పొడి చాలావరకు పనికిరాకుండా పోతుంది. గాల్లో తేమ మరీ ఎక్కువైతే ఉన్న పుప్పొడి కూడా ముద్దకట్టి రాలనంటుంది. అందుకే పూత వస్తుంది, పచ్చగా ఊరిస్తుంది, మనం మురిసిపోయేలోపు కాడతో సహా ఊడి కింద పడుతుంది. రాత్రి పదకొండింటికి కూడా పిట్టగోడ మీద చెయ్యి ఆనించలేం. మనకే ఏసీ లేనిదే సంసారం సాగని రాత్రుల్లో ఆ మొక్క మాత్రం చచ్చినట్టు పిందె కట్టాలి!

ఇక మన సేవల సంగతి. మధ్యాహ్నం రెండింటికి మేడెక్కి చూస్తే ఆకులన్నీ తలలు వేలాడేసి ఉంటాయి. నిజానికి అప్పటికి మట్టిలో తడి ఉండే ఉంటుంది, వేర్లు లాగే నీళ్లకన్నా ఆకుల్లోంచి ఆవిరయ్యేవి ఎక్కువై మొక్క కాస్త వాలింది, అంతే. సాయంత్రం ఎండ తగ్గితే దానంతటదే లేస్తుంది. కానీ అంతదాకా ఆగడానికి మన మనసు ఒప్పుకోదు కదా. అయ్యో పాపం అంటూ పైపు పట్టుకుంటాం. ఆ పైపు వెనక మిద్దె మీది ట్యాంకు ఉంది, ఆ ట్యాంకు పొద్దున్నుంచీ ఎండలో కాగుతోంది, మొదట వచ్చే నీళ్లు చేతిమీద పడితే మనమే కెవ్వుమని గెంతుతాం. ఆ నీళ్లు వేర్లకి పోస్తాం. పోసి, మొక్క ఇంకా వాలింది కాబట్టి ఇంకో బకెట్ పోస్తాం. అడుగున కన్నం పూడిపోయిన కుండీలో వేర్లు కుళ్లిపోయాక, విత్తనాలు నాసిరకమని కొట్టువాడిని తిడతాం.

అసలు బాధ వైద్యులతో. ఆకు ముడుచుకుందని నోరు జారితే చాలు, కింది ఫ్లాటాయన వేపనూనె అంటాడు, వాళ్లావిడ పుల్లమజ్జిగ అంటుంది, వాచ్‌మన్ బూడిద అంటాడు, ఊరి నుంచి ఫోన్లో మామయ్యగారు ఇంగువ నీళ్లంటారు. ఎవర్నీ నొప్పించడం ఇష్టంలేక నాలుగూ ఒకే రోజు కొడతాం, అదీ మిట్టమధ్యాహ్నం. వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, ఎండ తగ్గాక కొట్టాలి అని సీసా మీదే రాసి ఉంటుంది గానీ, సీసా మీద రాసింది చదివే అలవాటు మనకెక్కడిది? మర్నాటికి ఆకులు మాడిపోతాయి. పిండినల్లి పురుగు మాత్రం కాడ సందుల్లో దూదిపింజలా హాయిగా ఉంటుంది.

కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్న గులాబీల గురించి ఎక్కువ చెప్పను, అందరి ఇళ్లలోనూ అవే ముళ్లు.

సెలవుల కాలంలో పాలన ఎలా అంటారేమో. ఇన్‌ఛార్జులున్నారు. బచ్చలి, తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు. ఎండన్నా ఉక్కన్నా లెక్కచేయని సీనియర్ ఉద్యోగులు, రోజూ కాసిని నీళ్లు తప్ప ఏమీ అడగరు. అందుకేనేమో మనకి లోకువ. బచ్చలి తీగ పందిరంతా అల్లుకుపోయినా స్టేటస్‌లో పెట్టేవాడు ఉండడు. అదే గోలీకాయంత టమాటా ఒకటి ఎర్రబడితే అరచేతిలో పెట్టి, అరచెయ్యి ఫ్రేములో పట్టకుండా జూమ్ చేసి, అమెరికాలో ఉన్న కోడలి దాకా పంపిస్తాం. మల్లెకి కూడా ఇదే అన్యాయం. చలికాలంలో ఆకు దూసి కొమ్మలు కత్తిరించినా పగబట్టకుండా, అందరూ కూలబడే మండుటెండల్లోనే మొగ్గలు తొడిగి డ్యూటీ చేస్తుంది, దానికో ప్రమోషన్ లేదు.

బిల్లుకి అభ్యంతరాలు వస్తాయని తెలుసు. టమాటా రేటు పెరిగితే ఎలా అంటారు. 2023 జులైలో కిలో 100 దాటినప్పుడు ఊరంతా కుండీలు కొన్నది నాకూ గుర్తుంది. కుండీ, కోకోపీట్, వర్మీకంపోస్టు, షేడ్ నెట్ ఖర్చు కలిపితే ఆ ఇంటి టమాటాతో పెట్టిన పప్పు పెళ్లిభోజనం కన్నా ఖరీదు. పైగా ఆ మొక్కలు కాపుకొచ్చే సెప్టెంబరుకి రేటు పడిపోయి, రైతులు పండిన కాయని రోడ్డు మీద పారబోశారు. అప్పుడు మిద్దె మీది నాలుగు కాయలకీ మాత్రం ఘనంగా హారతులిచ్చాం.

పక్క వీధి రిటైర్డ్ ఇంజనీరుగారు మా మేడ మీద బుట్టలకొద్దీ టమాటాలు కాశాయండీ, ఈ బిల్లు అక్కర్లేదు అన్నారు. ఎప్పుడండీ అనడిగితే సంక్రాంతికన్నారు.

కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్ దాకా టమాటా, క్యాప్సికం, క్యాబేజీలకి జీతంతో కూడిన సెలవు ఇచ్చేయాలి. సెలవుల్లో విత్తనాలు డబ్బాలోనే ఉంటాయి. కోతుల సంగతి మాత్రం బిల్లులో చేర్చలేదు. ముసాయిదా చూపిద్దామని కాగితం పట్టుకుని మేడెక్కితే, చదవకుండానే లాక్కుపోయాయి.